వాన రాకముందే నెలలు నిండినవాళ్ల లెక్క రాసుకుందాం



ఐప్పసి నెల దగ్గర పడుతోంది. తమిళంలో అడైమళై అంటారే, ఆ ముసురు పట్టేలోపు ఒక సంగతి మీ ముందు పెట్టాలనుకున్నాం. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, మా తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి, విషయం మాత్రం వదిలిపెట్టకండి.

2015 డిసెంబరు 2 రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడయారు పొంగి చెన్నైలో పేటలకు పేటలే మునిగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మన సంఘం హాలు తెరిచి జనాన్ని చేర్చుకున్నాం. సాంబారన్నం పొట్లాలు ఎన్ని వచ్చాయి, దుప్పట్లు ఎన్ని పంచాం, ఎవరు ఎంత చందా ఇచ్చారు, అన్నీ రిజిస్టరులో రాశాం. రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం కదా, లెక్క తప్పనివ్వం.

రాత్రి పదింటికి ఒకావిడ వచ్చి, "అయ్యా, మా కోడలికి నొప్పులు మొదలైనాయి, దగ్గర్లో నర్సమ్మ ఎవరున్నారు?" అని అడిగింది. మా రిజిస్టరులో ఆ గడి లేదు. కమిటీలో అందరం మగవాళ్లమే, ఒక్కరికీ తెలియదు. చివరికి ఒక పాల వ్యాను డ్రైవరు మోకాటి లోతు నీళ్లలో ఆ అమ్మాయిని ఆస్పత్రికి చేర్చాడు. తెల్లారేసరికి కాన్పయింది, తల్లీబిడ్డా క్షేమం. మేమేదో సాధించినట్టు సంబరపడ్డాం.

తర్వాత మన ఆడవాళ్లు చెబితేగాని అసలు సంగతి తెలియలేదు. ఆ అమ్మాయి పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదట. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. మన హాలు దొడ్డికి లోపల గడియ లేదు, దీపమూ లేదు. ఆమెను కాపాడింది మన ఏర్పాటు కాదు, ఆమె అదృష్టం.

2023లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడైనా మారామా? పొట్లాల లెక్క మళ్లీ సరిగ్గానే ఉంది. గడియ మాత్రం లేదు.

ఈ మరుపు మన ఒక్కరిదే కాదు. 1994లో కైరోలో ఐక్యరాజ్య సమితి జనాభా మహాసభ జరిగింది. ఆ తర్వాతే సహాయ సంస్థలు కలిసి, విపత్తులో ఆడవాళ్ల ఆరోగ్యానికి కనీసం ఏమేం ఉండాలో ఒక జాబితా తయారు చేశాయి. యుద్ధమైనా వరదైనా, వీలైనంతవరకు 48 గంటల్లో అవి మొదలుకావాలి. కాన్పుకు, పసిబిడ్డకు అత్యవసర వైద్యం కావాలి. ఆడవాళ్లపై అత్యాచారం జరగకుండా కాపలా, జరిగితే వెంటనే చికిత్స ఉండాలి. హెచ్ఐవీ, సుఖవ్యాధులు పాకకుండా చూడాలి. అక్కర్లేని గర్భం రాకుండా మాత్రలు, నిరోధ్ అందించాలి. అన్నం, నీళ్లు ఎంత అవసరమో ఇవీ అంతే అవసరమని చెప్పారు.

వాళ్లు వేసుకునే లెక్క ప్రకారం నూరుమంది జనంలో నలుగురు గర్భిణులు ఉంటారు. గర్భిణుల్లో నూటికి 15 మందికి ఏదో ఒక చిక్కు వస్తుంది. చెన్నైలో కాన్పులు తక్కువ గనుక నాలుగో వంతే వేసుకోండి. అయినా హాల్లో 500 మంది చేరితే అందులో ఐదుగురు గర్భిణులే.

కుదురుతుందా అనేవాళ్లు ఒడిశాలోని మన బరంపురం బంధువులను అడగండి. 2024 అక్టోబరులో దానా తుపాను తీరం తాకకముందే అక్కడి ప్రభుత్వం నాలుగు వేలకు పైగా గర్భిణులను ఆస్పత్రులకు చేర్చింది. ఎవరికి ఎన్నో నెలో ముందే రాసి పెట్టుకుంటేనే అది జరిగే పని.

"అది ప్రభుత్వం చూసుకోవాల్సిన పని" అని కొందరు అంటారు. నిజమే. కానీ మన వీధిలో ఎవరి కోడలు పుట్టింటికి వచ్చి ఉందో ప్రభుత్వం కంటే మనకే ముందు తెలుస్తుంది. "ఇలాంటివి పదిమందిలో మాట్లాడతారా" అనేవాళ్లూ ఉన్నారు. మాట్లాడకపోబట్టే ఆ అమ్మాయి నీళ్లు తాగకుండా కూర్చుంది.

మా రైల్వేలో యాక్సిడెంట్ రిలీఫ్ మెడికల్ వ్యాను సైడింగులో సిద్ధంగా నిలబడి ఉంటుంది. నెలల తరబడి కదలకపోయినా దండగ అని ఎవరూ అనరు. సైరన్ మోగిందంటే నిమిషాల్లో బయల్దేరాలి. మన హాలూ అలా ఉండాలి.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇవి తీర్మానం చేయాలని కోరుతున్నాం. వరద కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నెలలు నిండినవాళ్లు, బాలింతల పేర్లు వాళ్ల ఇష్టంతో మన ఆడవాళ్లే రాసుకోవాలి, వాట్సాప్‌లో పెట్టకూడదు. కాన్పు తేదీ, బ్లడ్ గ్రూపు, వెళ్లే ఆస్పత్రి అందులో ఉండాలి. హెచ్చరిక రాగానే వాళ్లను ముందు పంపాలి. అందుకు 108 నంబరుతో పాటు ఎత్తుగా ఉండే బండి ఒకటి మాట్లాడి పెట్టుకోవాలి.

దారే లేని గడియకోసం సబ్బు, ప్లాస్టిక్ షీటు, కొత్త బ్లేడు, బొడ్డుకు కట్టే శుభ్రమైన దారం, ఉతికిన నూలుగుడ్డ, గ్లౌజులు కట్టిన సంచులు నాలుగు బీరువాలో ఉండాలి. అవి ఎలా వాడాలో నర్సమ్మను పిలిపించి మన ఆడవాళ్లకు నేర్పించాలి. నాప్కిన్లు అడగకుండానే అందేచోట పెట్టాలి.

గడియ కోసం మాత్రం సమావేశం దాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం వడ్రంగిని తీసుకొస్తున్నాం. ఆ ఖర్చు మాది.