బడికెళ్ళిన పిల్లాడు ఎవరి మనిషి?

"స్కూళ్ళలో రాజకీయాలు వద్దండీ బాబూ" అనే మాట మన ఆఫీసు క్యాంటీన్లలో తరచూ వినబడుతూనే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఫలానా నాయకుడి పేరు ఎందుకు, ఫలానా పాఠం ఎందుకు తీసేశారు, స్కూలు బస్సుల్లో జనాన్ని సభలకి ఎందుకు తోలుతున్నారు.. ఇలాంటివన్నమాట. అనేవాళ్ళలో చాలామంది పిల్లలు సర్కారు బడి గడప కూడా తొక్కి ఉండరు లెండి, అది వేరే సంగతి.

మాది ఖమ్మం వైపు. అందుకని ఈ ప్రశ్నని భద్రాచలం అవతల అడవి అంచున పెట్టి చూడాలనిపించింది. మామూలు ఇన్‌పుట్ ఇస్తే ఏ ప్రోగ్రామైనా బాగానే నడుస్తుంది, దాని అసలు బండారం బయటపడేది ఎడ్జ్ కేసులోనే కదా. "బడిలో రాజకీయాలు వద్దు" అనే రూలుకి ఆ అడవి అంచు అలాంటి ఎడ్జ్ కేసు. అక్కడ నిలబడితే అది రూలు, లేకపోతే క్యాంటీను కబురు.

ముందు కాస్త చరిత్ర. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలైంది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొంతమందిని దోర్నపాల్, కుంట, ఎర్రబోరు లాంటి చోట్ల శిబిరాల్లో పెట్టారు. శిబిరానికి వెళ్తే మావోయిస్టులకి శత్రువు, వెళ్ళకపోతే జుడుంకి శత్రువు. రెండూ వద్దనుకున్న వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, అడవుల్లో నడిచి, అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చేశారు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం చుట్టుపక్కల గుడిసెలు వేసుకున్నారు. మనవాళ్ళు వీళ్ళని గొత్తికోయలు అంటారు.

వాళ్ళు పారిపోయి రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో పిల్లలకి సంబంధించిన కారణం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

ఒక పక్క మావోయిస్టుల బాల సంఘాలు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్ని వీటిలో చేర్చుకునేవాళ్ళు. పాటలు, పాఠాలు, వాటితో పాటు ఊళ్ళోకి ఎవరొస్తున్నారో కనిపెట్టి చెప్పడం. కాస్త పెద్దయితే ఆయుధం. రెండో పక్క ప్రభుత్వం. 18 ఏళ్ళు నిండని పిల్లలు ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్‌పీఓలుగా, పనిచేశారని అదే నివేదిక రాసింది. తమాషా ఏంటంటే (తమాషా అనడానికి నోరు రావట్లేదు గానీ), పిల్లల్ని సాయుధ ఘర్షణల్లోకి దింపకూడదన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి మన దేశం ఆమోదం తెలిపింది కూడా ఆ 2005లోనే, నవంబరులో.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఈ ఎస్‌పీఓల నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మన తెలుగు జడ్జిగారి తీర్పు, వీలైతే చదవండి. అందులో ఒక వివరం నన్ను వదలట్లేదు. ఎస్‌పీఓలుగా తీసుకునేటప్పుడు ఐదో తరగతి పాసైనవాళ్ళకి ప్రాధాన్యం ఇచ్చారట. నెలకి మూడు వేల రూపాయల గౌరవ వేతనం. అంటే తండ్రి కష్టపడి కొడుకుని ఐదు దాకా చదివిస్తే, ఆ చదువే వాడి చేతికి తుపాకీ రావడానికి అర్హత అయి కూర్చుంది!

ఇక బడి భవనం సంగతి. ఆ ఊళ్ళలో గట్టిగా కట్టిన ఇల్లంటూ ఉంటే అది బడే. బలగాలు వచ్చి అందులోనే దిగేవి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు దాన్ని పేల్చేసేవాళ్ళు. బడుల నుంచి బలగాల్ని ఖాళీ చేయించమని 2011 జనవరిలో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. దానికంటే ముందే, 2007 డిసెంబరులో, శాంతా సిన్హా అధ్యక్షురాలిగా ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ దంతెవాడ, ఖమ్మం జిల్లాలకి వచ్చి ఈ పిల్లల గోడు విని వెళ్ళింది.

ఇప్పుడు ఆ తండ్రి వైపు నుంచి ఆలోచించండి. వాడి భయం ఏమిటి? కొడుకు మార్క్సుని చదువుతాడనా? జాతీయగీతం పాడతాడనా? కాదు. ఆ బడికి వెళ్ళినందువల్ల కొడుకు ఫలానా వాళ్ళ మనిషి అని ముద్ర పడిపోతుందని. ఒకసారి ముద్ర పడ్డాక అవతలి వాళ్ళు పిల్లాణ్ణి వదలరు, పిల్లాడి వల్ల ఇంటిని వదలరు. అంతే.

నాకు ఇక్కడ అర్థమైందేంటంటే, "బడిలో రాజకీయం" అని మనం ఒకే మాటతో పిలిచేది నిజానికి రెండు వేర్వేరు విషయాలు. పిల్లాడికి రాజకీయం చెప్పడం ఒకటి. పిల్లాణ్ణి రాజకీయానికి వాడుకోవడం ఇంకొకటి. మొదటిదాని మీద ఎంత గొడవైనా పడొచ్చు, రోజులు గడిస్తే సర్దుకుంటుంది. రెండోది పిల్లాడి ఒంటి మీదకి వస్తుంది.

మొదటిదానికి ఉదాహరణ మన ప్రవాసుల్లోనే ఉంది. 2005-06లో కాలిఫోర్నియాలో ఆరో తరగతి చరిత్ర పుస్తకాల్లో హిందూమతం గురించి, ప్రాచీన భారతం గురించి ఏం రాయాలన్న దాని మీద పెద్ద రగడ జరిగింది. భారతీయ తల్లిదండ్రులు బోర్డు ముందు మాట్లాడారు, అవతలి వాళ్ళూ మాట్లాడారు, కోర్టుకీ వెళ్ళారు. ఎవరిది ఒప్పు అనేది పక్కన పెట్టండి. వాళ్ళకి మైకు ఉంది, లాయరు ఉన్నాడు, సాయంత్రం ఇంటికి వెళ్తే పిల్లలు క్షేమంగా ఉన్నారు. చర్ల అడవిలో గుడిసె వేసుకున్న వాడికి ఇందులో ఏదుంది?

అలాగని రెండోది అడవికే పరిమితం అనుకుంటే పొరపాటు. తుపాకీ లేదు గానీ లెక్క అదే. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళిపోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టూ ఉన్న ఎటపాక లాంటి ఊళ్ళు అటు పోయాయి. ఒకే కోయ కుటుంబంలో అన్న పిల్లలు ఒక రాష్ట్రం పుస్తకాలు, చెల్లెలి పిల్లలు ఇంకో రాష్ట్రం పుస్తకాలు చదివే పరిస్థితి. అటుపక్క 2020లో పిల్లలకి ఇచ్చిన కిట్టు పేరు జగనన్న విద్యా కానుక, పెట్టే అన్నం పేరు జగనన్న గోరుముద్ద. 2024లో ప్రభుత్వం మారగానే ఒకటి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది, ఇంకొకటి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. ఇటుపక్క అదే 2024 జూన్‌లో తెలుగు పుస్తకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అలాగే ఉండిపోయిందని, పంచిన పుస్తకాలు వెనక్కి తెప్పించారు. చెప్పొచ్చేదేంటంటే, కొత్త పేర్లు పెద్దవాళ్ళవే, గౌరవించాల్సినవే. కానీ అసలు అన్నానికి ఒక ముఖ్యమంత్రి పేరెందుకు? పిల్లాడి వీపు మీద సంచీ ఒక పార్టీ గోడ ఎందుకు కావాలి? ఐదేళ్ళకోసారి సున్నం కొట్టుకోడానికా?

అందుకని నాకు తోచిన ఒక చిన్న పరీక్ష చెప్తాను. మూడు ప్రశ్నలు, మూడు చెక్ బాక్సులు అనుకోండి. బడి పేరుతో ఎవరైనా పిల్లాడి దగ్గరకి వస్తే, వాళ్ళు పిల్లాణ్ణి ఏం అడుగుతున్నారో చూడాలి.

ఒకటి, ఒళ్ళు అడుగుతున్నారా? ర్యాలీలో లెక్క కోసం, మానవహారం కోసం, కాపలా కోసం, తుపాకీ మోయడం కోసం. బంద్ రోజు పిల్లల్ని క్లాసులోంచి లేపి రోడ్డు మీద కూర్చోబెట్టే విద్యార్థి సంఘమైనా, మావోయిస్టులకి వ్యతిరేకంగా నినాదాలు ఇప్పించడానికి ప్లకార్డు చేతికిచ్చి నడిపించే పోలీసు శాఖైనా ఇక్కడ ఫెయిలే.

రెండు, కబురు అడుగుతున్నారా? మీ నాన్న ఎవరితో తిరుగుతున్నాడు, రాత్రి మీ ఊరికి ఎవరొచ్చారు, సారు క్లాసులో ఏం చెప్పాడు. ఇది ఏ పక్షం వాడు అడిగినా ఒకటే. ఇంటి గుట్టు పిల్లాడి నోటి నుంచి లాగేవాడికి బడిలో పనిలేదు.

మూడు, మొహం అడుగుతున్నారా? ఫ్లెక్సీ కోసం, ఫొటో కోసం, సంచీ మీద బొమ్మ మోయడం కోసం.

ఈ మూడూ అడగకుండా, కేవలం ఒక విషయం చెప్పి, "నువ్వేమంటావు?" అని ఊరుకునేవాడు టీచరు. వాడు చెప్పేది నాకు నచ్చకపోయినా సరే.

ఇక్కడ ఇద్దరు నా మీదకి వస్తారని తెలుసు. మొదటివారు, "ఏం బాబూ, 1969 ఉద్యమం మొదలైందే మీ ఖమ్మం జిల్లాలో కదా? పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర రాజుకుని, ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షతో అంటుకుంది కదా? విద్యార్థులు రాజకీయాల్లో లేకపోతే తెలంగాణ వచ్చేదా?" అంటారు. నిజమే. 2011 సకల జనుల సమ్మె నాటికి నేను హైస్కూలు పిల్లాణ్ణి, బడి మూతపడిన ఆ రోజులు గుర్తున్నాయి. తనంతట తాను నిర్ణయం తీసుకున్న కాలేజీ కుర్రాడి విషయంలో నాకు పేచీ లేదు. నా పేచీ, "లైన్లో నిలబడండి" అంటే ఎందుకో తెలియకుండా నిలబడే ఆరో తరగతి పిల్లాడి విషయంలో. వాడిది ఉద్యమం కాదు, హాజరు.

రెండోవారు, "అసలు ఏ గొడవా వద్దు, లెక్కలూ సైన్సూ చెప్పి పంపిస్తే చాలు" అంటారు. మన ఐటీ వాళ్ళలో ఎక్కువమంది ఈ బాపతే. నేను గట్టిగా వ్యతిరేకించేది కూడా ఈ వాదననే. ఎందుకంటే భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ పిల్లకి 1/70 చట్టం అంటే ఏమిటో, ఐదో షెడ్యూలు ఏం చెప్తుందో, 1996 పెసా చట్టంలో గ్రామసభకి ఏ అధికారం ఉందో, 2006 అటవీ హక్కుల చట్టం కింద తన తండ్రి సాగు చేసే పోడుకి పట్టా ఎలా అడగాలో, పోలవరం నీళ్ళు ఎంత దాకా వస్తాయో చెప్పకపోతే ఆ చదువు దేనికి? ఇవన్నీ రాజకీయమే అంటే, ఔను, ఈ రాజకీయం బడిలో ఉండి తీరాలి. తల్లిదండ్రుల భయాన్ని అడ్డం పెట్టుకుని ముందు పీకేసేది ఈ పాఠాలనే. ఫ్లెక్సీలు మాత్రం ఎక్కడికీ పోవు.

పైగా, బడికి భాషే రాకపోతే ఎవరి మాట చెల్లుతుంది? ఇంట్లో కోయ మాట్లాడే పిల్లాడికి బడిలో టీచరు మాట అర్థం కాదు. బాల సంఘం వాడి మాట అర్థమవుతుంది, ఎందుకంటే వాడు కోయలో చెప్తాడు! ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు మొదలుపెట్టారు, మంచి పని. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో తెచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న కోర్టు తర్కం నాకు అర్థమవుతుంది. కానీ పిల్లాడి భాష వచ్చిన టీచరు ఆ బడిలో ఉండేలా చూసే బాధ్యత ఆ తీర్పుతో తీరిపోదు.

అడవి సంగతి ఇప్పుడు మారింది కదా అంటారేమో. నిజమే, చాలా మారింది. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో చనిపోయిన హిడ్మా పువర్తి అనే ఊరి పిల్లాడు. చిన్నప్పుడే బాల సంఘం ద్వారా అటు వెళ్ళాడని పత్రికలు రాస్తూ వచ్చాయి. ఆ కథ ముగిసిందనుకున్నా, ఆ ఊళ్ళలో ఇప్పుడు తెరిచే బడి ఎలాంటిదన్న ప్రశ్న ముగియలేదు. ఓడిన పక్షం పాటల బదులు గెలిచిన పక్షం పాటలు పాడిస్తే అది బడి మారడం కాదు, యాజమాన్యం మారడం.

మరి ఏం చేయాలి? చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి భవనం ఎవరికివ్వాలి, పిల్లల్ని ఏ కార్యక్రమానికి పంపాలి అనే మాట ముందు ఆ కమిటీలో, వాళ్ళ భాషలో జరగాలి. "పంపం" అంటే పంపకూడదు. ఇంత చిన్న విషయానికి కొత్త జీవో అక్కర్లేదు.

చివరగా మన గురించి. మన కంపెనీలు కూడా వీకెండ్లలో ఏజెన్సీ బడులకి వెళ్తాయి. ట్యాబులు, సంచులు, నోటు పుస్తకాలు ఇస్తాయి. మంచిదే, వెళ్ళండి. కాకపోతే ఆ సంచీ మీద లోగో ఎంత పెద్దదో, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి ఎన్ని ఫొటోలు తీశామో, ఆ ఫొటో పెట్టుకుంటామని వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగామో లేదో ఒక్కసారి చూసుకోండి. మూడో చెక్ బాక్సు పార్టీలకే కాదు, మనకీ వర్తిస్తుంది.