ఆగ్నేయ మూల, అగ్ని ప్రమాదం

ఆగ్నేయం అగ్నిదేవుడి మూల అని వాస్తు చెబుతుంది. పొయ్యి అక్కడ ఉంటే ఇంటికి నిప్పు భయం ఉండదని నమ్మకం. విశాఖపట్నం దగ్గరి యారాడలోనైనా, తెలుగునాట మరే ఊళ్లోనైనా ఇల్లు కట్టేవారు ఈ మూల గురించి ముందే ఆలోచిస్తారు. మీటరు బోర్డు, ఇన్వర్టరు కూడా అగ్ని తత్వానివే అంటూ వాటినీ అక్కడికే చేరుస్తుంటారు. అలా గ్యాసు, కరెంటు, బ్యాటరీ పక్కపక్కనే కూడతాయి. మంట పుట్టడానికి కావలసినవి ఇంధనం, గాలి, వేడి. దిక్కుతో దానికి పని లేదు.

వంట గ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. యారాడ కొండకు అవతల, మల్కాపురం వైపున్న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న లీకైన ఎల్‌పీజీ ఇలాగే పరుచుకుని, నిప్పు తగిలి పేలింది. దాదాపు 60 మంది చనిపోయారు. వంటగదిలోనే దేవుడి పటాలున్న చిన్న ఇళ్లలో సంజెవేళ నేల మీద పెట్టే దీపం సరిగ్గా గ్యాసు చేరే ఎత్తులోనే ఉంటుంది. వాసన తగిలితే దీపం వెలిగించకూడదు, స్విచ్ వేయకూడదు, కట్టకూడదు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. లీకును వెతకవలసింది సబ్బు నురుగుతో, అగ్గిపుల్లతో కాదు.

కరెంటు ప్రమాదం నెమ్మదిగా తయారవుతుంది. స్క్రూ వదులైన చోట, పాత వైరు మీద ఏసీ, గీజరు భారం పడ్డ చోట వేడి నెలల తరబడి తన పని చేస్తూ పోతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి దీన్ని త్వరపెడుతుంది. బోర్డు మూత విప్పితే రాగి కొనల మీద పచ్చని చిలుము, కాలిన ప్లాస్టిక్ మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తాయి. నేలకు లీకయ్యే కరెంటును 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పట్టుకుంటుంది. అధిక భారానికి ఎంసీబీ స్విచ్ పడిపోతుంది. వదులైన స్క్రూను మాత్రం ఈ రెండూ కనిపెట్టలేవు. ఆయుధ పూజ నాడు బోర్డుకు బొట్టు పెట్టే ఇంటివారు ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్ చేత మూత విప్పించి చూపిస్తే ప్రాణాలు దక్కుతాయి.

ఇన్వర్టరు సీసపు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలి ఆడని చోట అది 4 శాతానికి చేరితే ఒక్క రవ్వ చాలు. ఆ బ్యాటరీని పొయ్యి పక్కన పెట్టడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. ఎలక్ట్రిక్ స్కూటర్ లిథియం బ్యాటరీలో ఒక సెల్ మితిమీరి వేడెక్కితే పక్క సెల్‌నూ అంటిస్తుంది, విషవాయువులు కక్కుతుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు చనిపోయారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తే సెల్ లోపం పోదు. పడకగదిలోనూ గుమ్మానికి అడ్డంగానూ ఛార్జింగ్ పెట్టకూడదు. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. అంటుకుంటే ముందు మనుషులు బయటపడాలి.

మూడింటినీ పోల్చితే, గ్యాసు వాసనతో హెచ్చరిస్తుంది, కానీ క్షణంలో గదంతా పేలుతుంది. కరెంటు గోడ చాటున దాగి ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. లిథియం మంటలు అరుదు, కానీ మొదలైతే తప్పించుకునే వ్యవధి అతి తక్కువ. కొత్త వస్తువని బ్యాటరీకి భయపడి, పాత అలవాటని వైరింగును నమ్మడం సరైన లెక్క కాదు.

ఇల్లు కాలాక దిష్టి అనో, అమ్మవారి ఆగ్రహమనో, చేతబడి అనో సరిపెట్టుకోవడం అన్నిటికంటే హానికరం. 2023లో చంద్రగిరి సమీపంలోని శానంబట్లలో వరసగా ఇళ్లలో మంటలు రేగితే చేతబడేనని ఊరు భయపడింది. నిప్పు పెట్టింది మనిషేనని పోలీసుల దర్యాప్తులో తేలింది. కారణాన్ని వెతకని చోట అమాయకుల మీద అనుమానం పడుతుంది, అసలు లోపం అలాగే ఉండిపోయి మరో ఇంటిని కాలుస్తుంది. ఏ ఇంధనం, ఏ వేడి, ఏ లోపం అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా విచారణ ఆగకూడదు.