కుదుపు కారుదా, కాలిదా?



గేరు తనంతట మారు క్రొత్త కారు త్రోసినట్లు కుదిపినపుడెల్ల, నడుపుట చేతకాదని యింటివారు స్త్రీలనే నిందించుట మా మడికొండలోను వినుచున్నాము. కారణ మెరుంగక యీ నింద మోయుట తగదు.

2014లో సెలేరియో కారుతో మన దేశమున వ్యాప్తికి వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతిలో గేరుపెట్టె పాత తీరుదే. క్లచ్చి త్రొక్కుట, గేరు మార్చుట యనెడి పనులను మాత్రము యంత్రము చేయును. క్లచ్చి విడివడి మరల కలియువఱకు ఇంజను బలము చక్రముల కందదు. ఆ వెలితియే మనకు కుదుపుగా తోచును.

కావున యాక్సిలరేటరును మెల్లగా నొక్కుచు, గేరు మాఱబోవు వేళ కాలు కొంచెము సడలింపవలెను. కాజీపేట రైలు వంతెన యెక్కుచు బండ్ల వరుసలో నాగినపుడు కారును బ్రేకుతోనే నిలుపవలెను. యాక్సిలరేటరుతో నిలిపినచో క్లచ్చి వేడెక్కి యరుగును. హైదరాబాదు బాటలో లారీని దాటుటకు ముందే మాన్యువలులో నుంచి గేరు తగ్గించుకొనుట క్షేమము.

అయినను, నిన్న లేని కుదుపు నేడు కలిగినను, కాలిన వాసన వచ్చినను, హెచ్చరిక దీపము వెలిగినను అది కాలి దోషమే యనుకొనరాదు, యంత్రమునకు పట్టిన జబ్బు కావచ్చును. వారంటీ గడువులోనే వర్కుషాపునకు కొనిపోయి, మెకానికును ప్రక్క గూర్చుండబెట్టుకొని స్వయముగా నడిపి చూపుడు. ఫిర్యాదును జాబుకార్డులో వ్రాయించి ప్రతి తీసికొనుడు. "ఈ కార్లన్నియు నింతేనమ్మా" యను మాటతో తిరిగి రావలదు.