104 బండి వచ్చే రోజు కోతకి రెండు గంటలు ఆలస్యమైతే ఏం పోద్ది?

కొంచెం పెద్ద పోస్టు. ఓపికగా చదవండి, తిట్టేవాళ్లు ఆ తర్వాత తిట్టండి.

మన వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ ఒకటే మాట. "104 బండి వచ్చిద్ది, పోద్ది, ఏం లాభం?" అని. లాభం లేదంటే నేను ఒప్పుకోను. లాభం అందాల్సినోళ్లు ఆ టైముకి ఊళ్లో ఉండరు. ఎక్కడుంటారు? మన మిరప చేలల్లో ఉంటారు.

ఈ బండ్లు ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి తిరుగుతున్నాయి. గవర్నమెంటు మారినప్పుడల్లా పేరు మారింది, రంగు మారింది, ఒకసారి చంద్రన్న సంచార చికిత్స కూడా అయింది. ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్ 6న మొదలుపెట్టింది మన పల్నాడులోనే, చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో. నెలకు రెండుసార్లు డాక్టరు ఊరికి రావాలి, పొద్దున ఓపీ చూడాలి, మధ్యాహ్నం మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పోవాలి. పద్ధతి మంచిదే. ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అనే గొడవ కామెంట్లలో వద్దు.

వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు కొండ కింద చెంచు గూడేలు, తండాలు ఉన్నాయి కదా. అక్కడి ఆడోళ్లు జనవరి నుంచి మార్చి దాకా తెల్లారకముందే ఆటో ఎక్కుతారు. బండి వచ్చేది తొమ్మిది, పదింటికి. అప్పుడు గూడెంలో ముసలోళ్లు, పిల్లలే ఉంటారు. పైగా దారి బాగలేదని కొన్నిచోట్ల బండి రోడ్డు మీదే ఆగిద్ది, అక్కడి నుంచి గూడేనికి నడిచేదెవరు? ఆశా కార్యకర్త ఒక్కతే. చెంచుల్లాంటి గిరిజన తెగల కోసమని 2023 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన జన్‌మన్ పథకంలో కూడా సంచార వైద్య బండ్లు ఉన్నాయి. బండి వచ్చినా మనిషి లేకపోతే ఏం చేసిద్ది?

బీపీ, షుగరుతో వచ్చిన చిక్కేందంటే, అవి నొప్పి పుట్టే జబ్బులు కావు. బిళ్లలు అయిపోయినా పది రోజులు మనిషి బాగానే తిరుగుతాడు. తర్వాత ఒకరోజు చెయ్యి, కాలు పడిపోయిద్ది. అప్పుడు నరసరావుపేట ప్రైవేటు ఆసుపత్రి, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ అప్పు కూడా చివరికి మనల్నే అడుగుతారు, ఆ సంగతి మీకూ తెలుసు.

దగ్గు సంగతి ఇంకా ఘోరం. మిరప ఘాటుకి దగ్గుతున్నార్లే అనుకుని మనమూ వదిలేస్తాం, వాళ్లూ వదిలేస్తారు. రెండు వారాలు దాటిన దగ్గయితే కళ్లె పరీక్ష చేయించాలి. టీబీ అయితే మందులు ఉచితం, మధ్యలో ఆపకూడదు. పక్కపక్కన కూర్చుని తొడిమలు తీసేవాళ్లలో ఒకరికి ఉంటే మిగతావాళ్లకి అంటుకోదా?

"ఎవరూ నన్ను అడగలేదే" అంటారు కొందరు. ఎట్లా అడుగుతారు? కిలో లెక్కన కోసేవాళ్లకి గంట పోతే కూలి పోయిద్ది. మేస్త్రి ఊరుకోడు. ఆ గంట భారం మనం మోయాల్సిందే. రెండు గంటల కూలి కలిపి ఇస్తే ఎకరం పెట్టుబడిలో అది ఎంత? పురుగుమందు డబ్బా ఒకటి ఎక్కువ కొన్నామనుకోండి.

ఒక్కడు వదిలితే కుదరదు, నిజమే. పక్క చేనాయన వదలకపోతే ముఠా అటే పోయిద్ది. అందుకే రచ్చబండ దగ్గర అందరం ఒక మాట అనుకోవాలి. బండి తేదీ ఏఎన్ఎమ్మ దగ్గర ముందే ఉంటది. ముందురోజు రాత్రి మైకులో చెప్పించాలి. ఆ రోజు ముఠా పదకొండింటికి చేలోకి వచ్చేటట్టు మేస్త్రికి చెప్పాలి. దారి బాగలేని గూడేనికి ఒక ట్రాక్టరు పంపాలి, డీజిలు నలుగురం వేసుకుందాం. కర్నూలు వైపు నుంచి వచ్చి చేల దగ్గర గుడారాలు వేసుకున్నవాళ్లని కూడా తీసుకుపోవాలి. వాళ్ల బిళ్లలు సొంతూళ్లోనే ఉండిపోతాయి.

అధికారుల్ని అడగాల్సింది ఒకటుంది. కోతల మూడు నెలలూ కొండ కింది ఊళ్లకి బండి పొద్దున ఆరున్నరకి గానీ, సాయంత్రం ఐదింటికి గానీ రావాలి. ఈ సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నా. సంతకం పెట్టేవాళ్లు ఆదివారం సాయంత్రంలోపు కింద పేరు రాయండి.