భాగస్వామ్యమా, మక్తా కౌలా?

ఈ మధ్య ఒక కళాశాల సభలో మేనేజ్‌మెంటు శాఖకు చెందిన పెద్దమనిషి ఒకరు, మానవతా సహాయ కార్యక్రమాలలో రిస్క్ నిర్వహణ గురించి గంటసేపు ఉపన్యసించారు. దాతలిచ్చిన సొమ్ము దొంగల పాలు కాకుండా, అట్టడుగున పనిచేసే “అమలు భాగస్వాములను” ఎట్లా ఎంచుకోవాలో, ఎట్లా కనిపెట్టి ఉండాలో వివరించారు. చివరకు, “ఇది కేవలం శాస్త్రం. దీనికి వర్గం లేదు, రాజకీయం లేదు” అన్నారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. బయటికి వస్తుంటే మన పాత మిత్రుడొకరు, “ఆ సంస్థలన్నీ సామ్రాజ్యవాదుల తోకలేనయ్యా, వాళ్ళ లెక్కలతో మనకేం పని?” అన్నారు.

ఈ ఇద్దరి మాటలూ తప్పని నా అభిప్రాయం. ఒకరు లెక్కలో ఉన్న వర్గాన్ని చూడలేదు. మరొకరు వర్గం పేరు చెప్పి లెక్కనే చూడలేదు.

నేను తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి గనుక మాటతోనే మొదలుపెడతాను. భాగస్వామి అంటే లాభంలోనూ నష్టంలోనూ భాగం కలవాడు. మన పల్లెల్లో భూమి సాగుకిచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. పాలుకిస్తే పంటను ఆసామీ, సాగుచేసినవాడూ పంచుకుంటారు. తుపాను వచ్చి చేను పడిపోతే ఇద్దరి గాదెలూ ఖాళీ. మక్తా కౌలుకిస్తే పండినా ఎండినా ఆసామికి ఒప్పుకున్న బస్తాలు కొలవవలసిందే. మొదటివాణ్ణి భాగస్వామి అనవచ్చు. రెండవవాణ్ణి ఆ పేరుతో పిలిస్తే ఊళ్ళో నవ్విపోతారు. సహాయ ప్రపంచంలో “అమలు భాగస్వామి” అనిపించుకుంటున్నవాడు ఈ రెండవవాడేనని నా వాదన.

పని జరిగే తీరు చూడండి. ఒక ధనిక దేశపు ప్రభుత్వం సొమ్మిస్తుంది. అది ఐక్యరాజ్యసమితి సంస్థకో, అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థకో చేరుతుంది. అక్కడి నుంచి దేశీయ సంస్థకు, దాని నుంచి జిల్లాలోని చిన్న సంఘానికి దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక ఒప్పందం, ఒక పరిశీలన. ఐక్యరాజ్యసమితి సంస్థలు కొన్ని 2005 నుంచి ఇందుకొక ఉమ్మడి పద్ధతి పెట్టుకున్నాయి. భాగస్వామి పద్దులనూ, కొనుగోళ్ళనూ, సిబ్బందినీ పరీక్షించి నష్టభయం తక్కువ, మధ్యస్థం, గణనీయం, అధికం అని నాలుగు తరగతుల్లో ఒక ముద్ర వేస్తారు. ముద్రను బట్టి తనిఖీలు, ఆడిట్లు. ముందస్తు సొమ్ము సాధారణంగా మూడు నెలలకు సరిపడా మాత్రమే ఇస్తారు. ఆడిటరు ఒప్పుకోని ఖర్చు భాగస్వామి నెత్తిన పడుతుంది.

తూచడం తప్పని నేను అనను. నేను అడిగేది ఒకటే: ఈ తక్కెడలో పైవాణ్ణి ఎవరు తూస్తారు? దాత వాయిదా ఆలస్యం చేస్తే, మధ్యలో మనసు మార్చుకుంటే, అతనికి ఏ తరగతి ముద్ర వేస్తారు? భాగస్వామిని పరీక్షించే పత్రంలో అందుకు గడి లేదు.

నా పాత విద్యార్థి ఒకడు ఉద్దానంలో ఒక చిన్న సంఘంలో లెక్కలు రాసేవాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా మీద పడ్డది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోడ్ల మీద చెట్లు, ఊళ్ళలో చీకటి. అతని సంఘానికి నగరంలోని ఒక పెద్ద సంస్థ ద్వారా విదేశీ సొమ్ము వచ్చింది. ఏది కొన్నా మూడు దుకాణాల నుంచి ధరల పత్రాలు తేవాలని ఒప్పందం. ఆ వారంలో తెరిచి ఉన్న దుకాణం ఒక్కటే. అక్కడే టార్పాలిన్లు కొన్నారు. మంచినీళ్ళు మోసిన ట్రాక్టర్లకు తెల్లకాగితం మీద వేలిముద్రలు వేయించుకొని కిరాయి ఇచ్చారు. ఎనిమిది నెలల తరువాత ఆడిటరు వచ్చి ఆ ఖర్చులు చెల్లవన్నాడు. పెద్ద సంస్థ చివరి వాయిదాలో ఆ మేరకు కోసుకున్నది. కార్యదర్శి అప్పు చేశాడు. నా విద్యార్థికీ, మరి ముగ్గురికీ రెండు నెలల జీతం లేదు.

“మాస్టారూ, టార్పాలిన్లు ఇళ్ళకు చేరాయండి. కాగితాలే చేరలేదు” అన్నాడు.

ఆడిటరు దుర్మార్గుడు కాడు. పెద్ద సంస్థవారూ దొంగలు కారు. వాళ్ళ పైవాడు వాళ్ళనూ అట్లాగే అడుగుతాడు. ప్రతివాడూ తన మెడలోని ఉరిని కిందివాడి మెడకు తగిలించి ఊపిరి పీల్చుకుంటాడు. దీనినే పెద్దమనిషిగారు నష్టభయ నిర్వహణ అన్నారు. నష్టభయం తగ్గలేదు, కిందికి దిగింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు మనవాళ్ళు. ఇక్కడ ఆ పంపకమైనా లేదు.

పై మెట్లవారికి నిర్వహణ ఖర్చుల కింద నూటికి ఇంతని దక్కుతుంది. యునిసెఫ్‌కు మామూలు రేటు 8. కిందివాడికి ఇల్లద్దె, కరెంటు, లెక్కలు రాసేవాడి జీతం ఇవ్వడానికి చాలాకాలం చేతులు రాలేదు. ఇటీవల కొన్ని సంస్థలు ఇస్తున్నాయి, సంతోషమే. 2016 మేలో ఇస్తాంబుల్‌లో జరిగిన మహాసభలో దాతలూ పెద్ద సంస్థలూ ఒక వాగ్దానం చేశారు: 2020 నాటికి సహాయ నిధుల్లో నూటికి 25 వంతులు వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు అందిస్తామని. గడువు నాటికి నేరుగా చేరింది నూటికి అయిదు కూడా కాదు. కారణమడిగితే, స్థానికులతో “నష్టభయం ఎక్కువ” అన్నారు. అయితే ప్రాణభయం మాట? 2024లో ప్రపంచమంతటా 383 మంది సహాయ కార్యకర్తలు హతులయ్యారు. వారిలో అత్యధికులు ఆయా దేశాల స్థానికులే. ప్రాణం పెట్టడానికి నమ్మదగినవాడు పైకం పెట్టడానికి నమ్మరానివాడయ్యాడు!

“దొంగతనం జరగదా?” అని అడుగుతారు. జరుగుతుంది. 2023లో ఇథియోపియాలో ఆకలిగొన్నవారి గోధుమలు పెద్దయెత్తున దారి మళ్ళాయి. అమెరికా సహాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం ముందు టిగ్రేలోనూ, జూన్‌లో దేశమంతటా ఆహార పంపిణీ నిలిపివేశాయి. పూర్తిగా పునరుద్ధరించడానికి నెలలు పట్టింది. దొంగతనం ఆపవలసిందే, సందేహం లేదు. కాని శిక్ష ఎవరికి పడింది? బస్తాలు మళ్ళించినవాడు ఆ నెలల్లో పస్తులుండలేదు. రేషను కోసం నిలబడ్డ తల్లి పస్తున్నది. దాత పుస్తకంలో నష్టం సున్నా. ఆ తల్లి నష్టానికి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు.

ఇక అసలు నష్టభయం ఎవరితోనో 2025 తేల్చి చెప్పింది. జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సహాయాన్ని తొంభై రోజులు నిలుపుతూ ఉత్తర్వు చేశారు. నడుస్తున్న పనులు ఉన్నచోట ఆగాయి. అప్పటికే పూర్తిచేసిన పనులకు రావలసిన డబ్బు కోసం సంస్థలు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. జూలై 1 నాటికి ఆ సహాయ సంస్థే మూతబడ్డది. దశాబ్దాలుగా మూడు ధరల పత్రాలు అడిగినవాడు ఒక్క సంతకంతో తన ఒప్పందాలను తోసిపుచ్చాడు. అతనికి “అధికం” అని ముద్ర వేసినవాడు ఉన్నాడా?

పరాయివాణ్ణి మాత్రమే తిడితే సరిపోదు. మన ఇంట్లో ఏం జరిగింది? ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, విదేశీ విరాళాల చట్టం వచ్చింది. 2010లో కొత్త రూపం దాల్చింది. 2020 సెప్టెంబరు సవరణతో, విదేశీ సొమ్ము పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు బదిలీ చేయడమే నిషిద్ధమయింది. నిర్వహణ ఖర్చుల పరిమితి నూటికి 50 నుంచి 20కి తగ్గింది. సొమ్ము ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక బ్యాంకు శాఖకు రావాలన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది. ఫలితమేమిటి? పెద్ద సంస్థ నుంచి ఉద్దానం సంఘానికి ఆ సొమ్ము దిగే మెట్టే విరిగింది. సొంత రిజిస్ట్రేషనూ, ఢిల్లీ ఖాతా, ఆడిటరూ ఉన్నవాడే నిలిచాడు. కౌలు అన్యాయమని మనమంటే, ఏలికలు కౌలుదారుణ్ణి పొలం నుంచే వెళ్ళగొట్టారు!

ఇప్పుడు మన మిత్రుని మాట. సహాయం వెనుక సామ్రాజ్యవాద ప్రయోజనాలుంటాయన్నది నిజం. నేనూ కొన్నేళ్ళు ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నవాణ్ణే. కాని ఆ గొలుసు చివర మూడు నెలల ఒప్పందం మీద, భవిష్యనిధి లేకుండా, మోటారు సైకిల్ మీద వరదలో తిరిగే కుర్రవాడు కార్మికుడు కాడా? కౌలురైతు పక్షాన నిలిచిన ఉద్యమం, ఈ కొత్త కౌలుదారుణ్ణి ఆసామి తోక అని తీసిపారేయడం ఏ సిద్ధాంతం? ఆసామిని తిట్టడం తేలిక. మక్తా పత్రంలోని షరతులు చదివి, ఏది మార్చాలో చెప్పడం కష్టం. మనం ఆ కష్టం తప్పించుకుంటున్నాము.

అడగవలసినవి ఇవి. విపత్తు వేళ నిజాయితీగా పెట్టిన ఖర్చు చెల్లకపోతే, ఆ నష్టాన్ని పైనుంచి కిందిదాకా అందరూ పంచుకోవాలి. నిర్వహణ ఖర్చు కింది మెట్టుకూ అదే రేటున దక్కాలి. వాయిదా ఆలస్యమైతే, ఒప్పందం మధ్యలో తెగితే, చేసిన పనికీ సిబ్బంది జీతాలకూ దాత పూచీపడాలి. లెక్కలు ఢిల్లీకీ, జెనీవాకూ వెళ్ళేముందు గ్రామసభలో తెలుగులో చదవాలి. దొంగను పట్టడానికి అంతకంటే మంచి ఆడిటరు లేడు. ఏ ఇంటికి టార్పాలిన్ వచ్చిందో, ఏ ఇంటికి రాలేదో ఊరికి తెలుసు. మన దేశంలో 2020 నాటి బదిలీ నిషేధం తొలగించాలి.

విద్యార్థి మిత్రులకు నా మనవి. ఈసారి అటువంటి ఉపన్యాసం విన్నప్పుడు చప్పట్లు కొట్టేముందు ఒక ప్రశ్న అడగండి: “అయ్యా, పంట పోతే ఆసామికి ఎంత పోతుంది?” నా విద్యార్థి ఇప్పుడు విశాఖలో ఒక సిమెంటు కొట్లో పద్దులు రాస్తున్నాడు. ఆ రెండు నెలల జీతం అతనికి నేటికీ రాలేదు.