రేడియోకు మరో చెవి

పిల్లలూ! మీ ఇంట్లో అటక మీదనో, తాతయ్యగారి తలగడ పక్కనో పాత ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి ఉన్నదేమో వెతకండి. ఉన్నట్టయితే దానికి కొత్త బ్యాటరీలు వేసి, మీటను మీడియం వేవ్ వైపుకు తోసి, మర నెమ్మదిగా తిప్పి చూడండి. ఒకచోట ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చెవి ఆనించి వినబోతే మాటకన్న గరగర ఎక్కువ! పోనీ అని శబ్దం పెంచితే, మాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది. "ఇది కూడా నాలాగే ముసలిదైపోయిందిరా!" అని తాతయ్యగారు రేడియో కట్టేస్తారు.

కాని చాలాసార్లు తప్పు రేడియోది కాదు. దాని చెవి చిన్నది. మన ఇంట్లో గోల పెద్దది. అంతే! అందుచేత ఈ నెల మనం కాసిని కర్రముక్కలతోనూ, కొంచెం రాగితీగతోనూ దానికి మరో పెద్ద చెవి తయారుచేద్దాం. దీన్ని లూప్ ఏరియల్ అంటారు. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. రేడియోను విప్పవలసిన పని కూడా లేదు.

అసలు తీగచుట్ట రేడియో తరంగాన్ని ఎట్లా పట్టుకుంటుంది? మీరు సైకిల్ డైనమో చూసే ఉంటారు. అందులో అయస్కాంతం గిర్రున తిరుగుతూంటే పక్కన ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. తీగచుట్ట మధ్యలో అయస్కాంతశక్తి మారుతూ ఉంటే చాలు, తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. రేడియో తరంగంలో కూడా అయస్కాంతశక్తి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. దాని దారిలో తీగచుట్ట పెడితే అందులో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1887, 1888 సంవత్సరాల్లో జర్మనీలో హైన్‌రిఖ్ హెర్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు రేడియో తరంగాలను మొట్టమొదట పట్టి చూపించినప్పుడు, ఆయన దగ్గర రేడియో ఏదీ లేదు. ఒక తీగను వలయంలాగా వంచి, కొసల మధ్య సన్నని సందు ఉంచాడు. తరంగం వచ్చి తగిలినప్పుడల్లా ఆ సందులో చిన్న నిప్పురవ్వ మెరిసింది. ఈనాడు రేడియో మీద కనిపించే "కిలోహెర్ట్జ్" అన్న మాటలో ఉన్నది ఆయన పేరే.

మీ ట్రాన్సిస్టర్ రేడియోలో కూడా ఒక తీగచుట్ట ఉన్నది. వేలంత లావు గల నల్లని ఫెర్రైట్ కడ్డీ మీద దాన్ని చుట్టి ఉంటారు. మీడియం వేవ్ వినేటప్పుడు రేడియోకు చెవి అదే. బయటికి లాగే పొడుగాటి గొట్టం కాదు. మనం చేయబోయే చట్రం ఒక్కొక్క వైపు 45 సెంటీమీటర్లు ఉంటుంది. అంత పెద్ద చెవి పట్టిన తరంగాన్ని ఈ చిన్న చెవికి అందించటమే మన ఉపాయం.

ఇక పని మొదలుపెడదాం. 64 సెంటీమీటర్ల పొడుగు గల సన్నని కర్రలు రెండు తీసుకోండి. గాలిపటం పుల్లల్లాగా కాకుండా, కూడిక గుర్తులాగా రెంటినీ సరిగ్గా మధ్యలో కలిపి బిగించండి. ఇనుపకడ్డీలు పనికిరావు, కర్రే కావాలి. ఇప్పుడు నాలుగు కొసలకూ 6 సెంటీమీటర్ల చెక్కముక్కలు నాలుగు బిగించాలి. చట్రాన్ని నేలమీద పరిచినప్పుడు ఈ ముక్కలు నిటారుగా నిలబడాలి. ఒక్కొక్క ముక్కకు బయటివైపున 3 మిల్లీమీటర్ల ఎడంగా 15 గాట్లు పెట్టండి. గాట్లు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు దగ్గర ఉండాలి సుమా!

ప్లాస్టిక్ తొడుగు ఉన్న సన్నని రాగితీగ 28 మీటర్లు కావాలి. దాన్ని గాటు తరవాత గాటులో పడేటట్టు చట్రం చుట్టూ 15 చుట్లు చుట్టండి. తీగ బిగువుగా ఉండాలి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కరాదు.

తరవాత తిప్పటానికి వీలైన కండెన్సరు ఒకటి కావాలి. రేడియోలు బాగుచేసే దుకాణంలో "గ్యాంగు" అని అడగండి. సుమారు 365 పికోఫారడ్లది అయితే సరిపోతుంది. పాత రేడియోల్లోది అయితే అల్యూమినియం పలకలు ఒకదాని సందులో ఒకటి దూరుతూ కనిపిస్తాయి. తీగ ఒక కొసను కదిలే పలకలకూ, రెండవ కొసను కదలని పలకలకూ తగిలించండి. మూడుకాళ్ల చిన్న గ్యాంగు దొరికితే సాధారణంగా ఒక కొస మధ్యకాలుకూ, రెండవ కొస పక్కకాళ్లు రెంటికీ కలిపీ తగిలించాలి. కొసల దగ్గర ప్లాస్టిక్ తొడుగు గీకివేయటం మాత్రం మరిచిపోకండి.

ఈ కండెన్సరు ఎందుకో చెబుతాను. ఉయ్యాల ఊపేటప్పుడు అది వెనక్కు వచ్చిన ప్రతిసారీ వేలితో నెట్టినా చాలు, కాసేపటికి ఎంతో ఎత్తుకు పోతుంది. వేళ తప్పి నెడితే ఎంత బలంగా నెట్టినా ఊగదు. తీగచుట్ట, కండెన్సరు కలిసి ఒక ఉయ్యాల. రేడియోలో 837 కిలోహెర్ట్జ్ అనగానే పెద్దవాళ్లకు విజయవాడ కేంద్రం గుర్తుకొస్తుంది. అంటే ఆ తరంగం సెకనుకు 8,37,000 సార్లు ఊగుతుందన్నమాట. మన ఉయ్యాల కూడా సరిగ్గా అంత వేగంతో ఊగితేనే ఆ తరంగం దానికి బలం ఇవ్వగలదు. ఉయ్యాల తాడు పొడుగు చేస్తే ఊపు నెమ్మదిస్తుంది కదా! అట్లాగే కండెన్సరు పలకలు పూర్తిగా లోపలికి పోతే తక్కువ అంకెల స్టేషన్లు, బయటికి వస్తే ఎక్కువ అంకెల స్టేషన్లు అందుతాయి. తక్కువ అంకెలు అందకపోతే ఒక చుట్టు కలపండి. పైఅంకెలు అందకపోతే ఒక చుట్టు తగ్గించండి.

ఇప్పుడు చట్రాన్ని ఒక పీట మీద నిలబెట్టి, అదే పీట మీద దగ్గరగా రేడియో పెట్టండి. తీగతో రెంటినీ కలపనక్కర్లేదు. రేడియోలోని నల్లకడ్డీ, వలయంలోనుంచి దూసుకుపోయే బాణంలాగా చట్రం వైపు చూస్తూండాలి. కడ్డీ సాధారణంగా రేడియో పొడుగునా ఉంటుంది కనుక, రేడియో పక్కభాగం చట్రానికి ఎదురుగా రావాలి. పట్టపగలు అతి సన్నగా వినిపించే స్టేషను ఒకటి పట్టి, కండెన్సరును వెంట్రుకవాసిగా తిప్పుతూ పోండి. ఒక్కచోట గొంతు ఉన్నట్టుండి పైకి లేస్తుంది! ఆ క్షణంలో మీ ముఖం ఎట్లా ఉంటుందో తాతయ్యగారిని చూడమనండి.

అయితే ఈ చెవి గొప్పతనం గట్టిగా వినటంలో లేదు. అక్కర్లేనిది వినకపోవటంలో ఉన్నది. తూర్పునుంచి వచ్చే తరంగంలోని అయస్కాంతశక్తి ఉత్తర దక్షిణాలుగా ఊగుతుంది. చట్రం అంచు తూర్పుకు పెట్టితే ఆ ఊపు చట్రం మధ్యగా దూరిపోతుంది. మాట బాగా వినిపిస్తుంది. చట్రాన్ని తూర్పుకు ఎదురుగా తలుపులాగా నిలబెడితే ఆ ఊపు చట్రంలోకి దూరదు, మాట సన్నగిల్లిపోతుంది. కనుక పీటను నెమ్మదిగా తిప్పుతూ, స్టేషను గట్టిగా వినిపించే చోటుకన్న గరగర బాగా తగ్గే చోటు వెతకండి. కావలసిన మాట కాస్త తగ్గినా ఫరవాలేదు, గోల ఎక్కువగా తగ్గితే మాట తేటపడుతుంది.

మరి స్టేషనూ, గోలా ఒకేవైపునుంచి వస్తూంటే ఏం చెయ్యాలి? అప్పుడు పీటను మరో గదికి మార్చాలి. అంతకన్న ముందు ఆ గోల ఎక్కడిదో కనిపెట్టండి. ఎల్‌ఈడీ దీపం, సెల్‌ఫోను చార్జరు, ఇన్వర్టరు, టీవీ: వీటిని ఒక్కొక్కటిగా పెద్దవాళ్ల చేత కట్టించి చూడండి. ఏది ఆపితే గరగర ఆగిందో అదే దొంగ!

చేసిన చెవి నిజంగా పనిచేస్తున్నదా, లేక మనం చేశాం కనుక బాగున్నట్టు తోస్తున్నదా? దీన్ని కూడా పరీక్షించాలి. మీ చెల్లెలిని కళ్లు మూసుకుని కూర్చోమని, ఆమెకు చెప్పకుండా చట్రాన్ని తీస్తూ, పెడుతూ ఉండండి. ఎప్పుడు మాట తేటగా ఉన్నదో ఆమె చెప్పాలి. పదిసార్లు అడిగి పుస్తకంలో రాసుకోండి. పరీక్ష పగలే చేయండి. రాత్రిపూట తరంగాలు ఆకాశంలో పైపొరలకు తగిలి కిందికి దిగివస్తాయి. అందువల్ల దూరపు స్టేషన్లు బోలెడు వినిపిస్తాయి కాని, దిక్కు గుర్తుపట్టటం కష్టం.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవకండి. చట్రం తీగను కరెంటు ప్లగ్గుల దగ్గరికి తీసుకుపోరాదు. దీన్ని ఇంట్లోనే వాడాలి. వాన వచ్చినా, ఉరుము వినిపించినా మేడమీద తీగలు కట్టే పని పెట్టుకోరాదు.

"చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇదంతా ఎందుకు?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని మీడియం వేవ్ ప్రసారాలు ఆగిపోయాయి కూడా. మీ ఊళ్లో ఏవేవి అందుతాయో మీరే వెతికి రాసి పెట్టుకోవాలి. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఏం జరిగిందో మీ పెద్దవాళ్లను అడగండి. కరెంటు పోయింది; సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటువంటివేళ ఎక్కడో వంద మైళ్ల దూరాన ఉన్న కేంద్రం చెప్పే మాట, రెండు బ్యాటరీలతో నడిచే రేడియోలో వినిపించవచ్చు. ఆ మాట గరగరలో మునిగిపోతే లాభం లేదు. తీరంలో ఉండేవారికి "ఇళ్లు వదిలి వెళ్లండి" అన్న హెచ్చరికకూ, "వెళ్లనక్కర్లేదు" అన్న కబురుకూ తేడా ఒక్క మాటలో ఉంటుంది.

కనుక తుఫాను వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోకండి. సెలవురోజున ఇప్పుడే చేయండి. పీట ఎటు తిప్పితే ఏ స్టేషను తేటగా వస్తుందో నేలమీద సుద్దతో గీతలు గీసి ఉంచండి. సాయంత్రం వార్తల వేళకు తాతయ్యగారిని పిలిచి, మర ఆయన చేతికే ఇవ్వండి. ముసలిదైపోయింది రేడియో కాదని ఆయనే ఒప్పుకుంటారు.