కూజా మొక్క ఎక్కడిది?

సైన్సు పుస్తకంలో కూజా మొక్క బొమ్మ చూస్తే ఇంట్లో ఒకటి పెంచాలనిపిస్తుంది. పెంచవచ్చు. అయితే కొనేముందు అది ఎక్కడిదో అడగాలని నా అభిప్రాయం. మన దేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క నెపెంథిస్ ఖాసియానా ఒక్కటే. ముఖ్యంగా మేఘాలయ కొండల్లో ఉంటుంది. అడవి నుంచి దాన్ని పెకలించడం చట్టరీత్యా నేరం. పైగా వీటిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగవన్నీ తవ్వేస్తే ఆడ మొక్కకు విత్తనాలెలా వస్తాయి?

నర్సరీల్లో కొమ్మ నాటి పెంచిన సంకర రకాలు దొరుకుతాయి. అవే కొందాం. వాన నీళ్లు పోద్దాం. ఎరువు వద్దు, కావలసిన నత్రజని పురుగుల నుంచే తీసుకుంటుంది. (ఇంట్లో దోమలన్నీ పోతాయని ఆశపడకండి, ఎక్కువగా పడేవి చీమలే!) అది పెరిగాక ఒక కొమ్మ కత్తిరించి తడి నాచులో గుచ్చితే, కొన్నాళ్లకు స్నేహితులకూ ఒక మొక్క ఇవ్వవచ్చు.